నైరుతి మూలలో రెండు బీరువాలు

బాలనర్సమ్మకు మోకాళ్లు పోయి మూడేళ్లయింది. పోయాయంటే ఉన్నాయి, ఉండి ఏడిపిస్తున్నాయి. ఉప్పల్‌లో డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి చూసి, "కింద కూర్చోవద్దు, మెట్లు ఎక్కొద్దు" అని రెండే రెండు మాటలు చెప్పింది. ఆ రెండూ విని బాలనర్సమ్మ నవ్వింది. నాచారం మెయిన్ రోడ్డు మీద, కిందది కాక మూడంతస్తులున్న బిల్డింగులో పదకొండేళ్లుగా నేల తుడిచే మనిషి ఆమె. కింద కూర్చోకుండా, మెట్లెక్కకుండా ఆ పని ఎలా చేయాలో ఆ డాక్టరమ్మే వచ్చి చూపించాలి మరి.

ఆ పదకొండేళ్లలో ఆ బిల్డింగులో ఆమె కుర్చీలు తుడిచింది, జరిపింది, ఒకదాని మీద ఒకటి పేర్చింది, ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చోమనీ ఎవరూ అనలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ భూషణానికి మాత్రం చేతుల కుర్చీ ఒకటుంది, నెత్తి మీద ఫ్యానుంది. వస్తూ పోతూ ఆ కుర్చీ వంక ఆమె చూసే చూపు భూషణానికి తెలుసు. "నా మీద గాదమ్మా నీ కన్ను, నా కుర్చీ మీద" అని ఆటపట్టించేవాడు.

ఆమె పుట్టింది కీసర పక్క పల్లెలో. పదిహేడో ఏట నాచారం కోడలై వచ్చింది. మొగుడి పేరు బాలనర్సింహ. ఇద్దరి పేర్లూ కలిశాయని తప్ప ఆ సంబంధం చూడటానికి వేరే కారణమేమీ లేదని ఆమె ఇప్పటికీ అంటుంది. అత్తగారి పొలాలు ఆమె వచ్చేసరికే ఫ్యాక్టరీల కిందికి పోయాయి. వాటిలోనే ఒక బిస్కెట్ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు డబ్బాలు ప్యాక్ చేసింది. అది మూతపడ్డాక చీపురు పట్టింది. బాలనర్సింహ నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. కూతురు ఉమారాణి అన్నోజిగూడలో కాపురముంటూ, "పని బంజెయ్యే అమ్మా" అని వారానికొకసారి ఫోనులో పోరు పెడుతుంది. చేతులూ కాళ్లూ కట్టుకుని ఇంట్లో కూర్చోవడం బాలనర్సమ్మ వల్ల కాదు. కూర్చుని పని చేయడమే ఆమెకు కావలసింది.

మొన్న మే నెలలో ఏసీల లోడుకు వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. పేలితే పేలింది, పోతూ పోతూ బిల్డింగులో ఫైర్ అలారం ప్యానెల్‌నూ, పైకి నీళ్లు కొట్టే పంపునూ కూడా తీసుకుపోయింది. పొగ వస్తే గంట మోగదు, మంట వస్తే కప్పు నుంచి నీళ్లు పడవు. ప్యానెల్ పూణే నుంచి రావాలి, పదిహేను రోజులన్నారు.

ఇన్సూరెన్సు వాళ్ల తరఫున సుధీంద్ర అనే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాడు. నెమ్మదైన మనిషి. "మెషీన్ వచ్చేదాకా మెషీన్ పని మనిషి చేయాలి" అని బిల్డింగు ఆఫీసులో గట్టిగా చెప్పాడు. దాన్ని ఫైర్ వాచ్ అంటారట. బిల్డింగు తెరిచి ఉన్నంతసేపూ ఒక మనిషి అరగంటకొకసారి అన్ని అంతస్తులూ తిరగాలి. ముందు మెట్లు ఎక్కి వెనక మెట్లు దిగాలి, లిఫ్టు వాడకూడదు. వాసన చూడాలి, స్విచ్చుబోర్డులు వేడెక్కాయా చూడాలి. పొగ కనిపిస్తే విజిల్ ఊది, జనాన్ని దింపి, నూట ఒకటికి ఫోన్ చేయాలి. ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు.

చెప్పడం బాగానే ఉంది, మనిషేడీ? సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజర్ సాయి కుమార్ దగ్గరున్న గార్డులందరూ ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ డ్యూటీలకు పోయారు. వాడు తలగోక్కుంటూ వచ్చి బాలనర్సమ్మ ముందు నిలబడ్డాడు.

"అత్తా, గీ పదిహేను రోజులు నువ్వు జెయ్యి."

"నేనా? దినాం ఇరవై సార్లు మెట్లెక్కుడా? నా మోకాళ్లు నీకిస్త, నువ్వే ఎక్కు సారూ."

"జర ఇను. భూషణం తాత వచ్చే నెల ఊరికి పోతుండు. గేటు ఖాళీ అయితది. ఒక్క మాట రాకుండ జేసినవనుకో, ఆ కుర్చీ నీదే. నా జిమ్మ."

బాలనర్సమ్మ మాప్ కర్రకు ఆనుకుని ఆలోచించింది. పదిహేను రోజులు మోకాళ్లు ఏడిస్తే ఏడవనీ, ఆ తర్వాత బతికినన్నాళ్లూ కూర్చోవచ్చు. సరేనంది. ఇంటికి పోయి చెబితే బాలనర్సింహ పడీపడీ నవ్వాడు.

"ఇగ నిన్ను జూస్తే మంట గూడ భయపడి మలిగిపోతది."

"ముందు నీ నోరు మలుగుతలేదు గద" అని ఆమె కంచం అతని ముందుకు తోసింది.

నారింజ రంగు కోటు, మెడలో విజిల్, చేతిలో టార్చి. ప్రతి అంతస్తులో గోడకు ఒక కాగితం వేలాడదీశారు. అందులో గడులు: పొగ వాసన లేదు, స్విచ్చులు చల్లగా ఉన్నాయి, మెట్లు ఖాళీగా ఉన్నాయి, వెనక తలుపు తెరుచుకుంటుంది. చుట్టు తిరిగినప్పుడల్లా టైము రాసి, టిక్కులు పెట్టి, సంతకం చేయాలి. బాలనర్సమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. సంతకం కుదురుగా పెడుతుంది, కాకపోతే కాస్త పెద్దగా పెడుతుంది, గడి దాటిపోతుంది.

పని ఆమెకు ఒక్క పూటలో పట్టుబడింది. పదకొండేళ్లుగా ఆ బిల్డింగు మూలమూలా తుడిచిన మనిషికి ఏ గోడ వెనక ఏ వైరుందో కొత్తగా చెప్పాలా? అరచేయి తిప్పి స్విచ్చుబోర్డుల మీద పెట్టి చూసేది, పిల్లలకు జ్వరం చూసినట్టు. కింది సోఫాల షాపులో స్పాంజి మూటల పక్కన సిగరెట్ ముక్క దొరికితే షాపువాళ్లను దులిపేసింది. మొదటి అంతస్తు రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ వెనక దేవుడి పటం ముందు దీపం వెలుగుతోంది, పైన పరదా ఊగుతోంది. "దేవుడు గూడ ఉక్కపోస్తుందంటుండు, దీపం ముందట్కి జరుపున్రి" అంది. రెండో అంతస్తు కంప్యూటర్ ఆఫీసు పిల్లలు ఆమె వస్తుంటే చార్జర్లు పీకేయడం అలవాటు చేసుకున్నారు. తిట్టకుండా చెప్పడం ఆమెకు రాదు, కానీ ఆ తిట్లకు ఎవరూ కోపం తెచ్చుకోలేదు.

చిక్కంతా మూడో అంతస్తులో వచ్చింది.

అక్కడ విజయశ్రీ మేడం కుట్టు యూనిట్. స్కూలు యూనిఫాంలు కుడతారు. జూన్‌లో బడులు తెరుస్తారు కాబట్టి మే అంతా ఊపిరి సలపని పని, నలభై రెండు మంది ఆడవాళ్లు, నడుమెత్తు గుడ్డల కుప్పలు. మొదటి రోజు బాలనర్సమ్మ ముందు మెట్లెక్కి, హాలంతా చూసి, వెనక మెట్లు దిగుదామని అవతలి మూలకు పోయింది. గోడ మీద పరిగెత్తే మనిషి బొమ్మతో ఆకుపచ్చ బోర్డు ఉంది. దాని కింద ఉండవలసిన తలుపు లేదు. రెండు ఇనప బీరువాలు భుజం భుజం రాసుకుని నిలబడి ఉన్నాయి. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలదండ కూడా వేశారు.

ఆమె కుంటుకుంటూ ముందు నుంచే రెండో అంతస్తుకు దిగి, వెనక మెట్ల మీదుగా మళ్లీ మూడుకు ఎక్కి, ఆ తలుపును బయటి నుంచి లాగింది. తలుపు చక్కగా తెరుచుకుంది. తీస్తే ఎదురుగా బీరువాల వెనక రేకు. వేలు దూర్చే సందు కూడా లేదు.

విజయశ్రీ చెడ్డ మనిషి కాదు. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, భర్త రైల్వేలో పని. పండగకు బాలనర్సమ్మకు జాకెట్ గుడ్డ ఇవ్వకుండా ఏనాడూ పంపలేదు. అడిగితే ఆమె కుట్టు ఆపి కళ్లజోడు తీసింది.

"అది కదపకూడదు నర్సమ్మా. నైరుతి మూల. అక్కడ బరువుండాలి కానీ తలుపుండకూడదు. మల్లాపూర్‌లో యూనిట్ పెట్టి మునిగాను, నీకు తెలియదు. ఇక్కడ మొదటి ఏడాది ఒక్క ఆర్డరూ నిలవలేదు. వాస్తు చూసే ఆయన వచ్చి, 'నైరుతిలో తలుపు పెట్టుకుని అన్నమెలా తింటున్నారమ్మా' అన్నాడు. బీరువాలు పెట్టించిన నెలకే స్కూలు ఆర్డరు వచ్చింది. నీకు నవ్వులాటగా ఉందేమో."

బాలనర్సమ్మకు నవ్వులాటగా ఏమీ లేదు. తన రెండు గదుల ఇంట్లోనే వాస్తు కోసం ఒక కిటికీకి ఇటుకలు పెట్టించి, ఎండాకాలమంతా ఉడికి చస్తున్న మనిషి ఆమె.

"నిజమే గని మేడం, మంటొస్తే?"

"ముందు తలుపు లేదూ? అంత వెడల్పుంది."

"ముందు తలుపు కాడనే ఇస్త్రీ బల్లలున్నయి గద."

"నోటి నుంచి మంచి మాట రానీ నర్సమ్మా, పనిలో ఉన్నాం" అని విజయశ్రీ మళ్లీ కళ్లజోడు పెట్టుకుంది.

బాలనర్సమ్మ పోయి సాయి కుమార్‌కు చెప్పింది. వాడు ఫోనులో ఇంకెవరితోనో మాట్లాడుతూనే విన్నాడు.

"కాయితంల ఏం రాసున్నదత్తా? వెనక తలుపు తెరుచుకుంటుందా అని. తెరుసుకుంటదా, లేదా?"

"తెరుసుకుంటది. తెరిస్తే బీరువా కనబడ్తది."

"బీరువా సంగతి అడిగిన్రా నిన్ను? అడగలె. టిక్కు పెట్టు. గా మేడం బిల్డింగు కమిటీల ఉన్నది. ఆమె ఒక్క ఫోన్ జేస్తే నీ కుర్చీ పాయె, నా నౌకరి పాయె."

కుర్చీ అనే మాట విన్నాక ఆమె పెన్ను తీసింది. టిక్కు పెట్టింది. ఆ రోజు పెట్టింది, మర్నాడు పెట్టింది, ఎనిమిది రోజులు చుట్టుకొకటి చొప్పున పెడుతూ పోయింది. ఇంకెవరైనా అయితే కింద కూర్చుని ఒకేసారి కాగితమంతా నింపేసేవాళ్లు. ఈమె అలా కాదు, ప్రతిసారీ మెట్లెక్కి, ఆ తలుపు లాగి, రేకు చూసి, మళ్లీ మూసి, అప్పుడు పెట్టేది. అబద్ధానికి కూడా ఇంత చాకిరీ చేసే మనిషిని ఏమనాలో నాకు తెలియదు.

తొమ్మిదో రోజు పొద్దున పదకొండున్నర దాటాక రెండో అంతస్తు దాటి పైకెక్కుతుంటే వాసన తగిలింది. ఇస్త్రీ వాసన కాదు. యూనిఫాం గుడ్డలో పాలిస్టర్ కలుస్తుంది, అది కాలితే ప్లాస్టిక్ కరిగిన కంపు వస్తుంది. బాలనర్సమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. విజిల్ నోట్లో పెట్టుకుని ఊదుతూ ఎక్కింది. మోకాళ్లు ఉన్నాయో లేవో ఆ నిమిషంలో ఆమెకు తెలియలేదు.

ఇస్త్రీ పెట్టె వైరు నుంచి నిప్పురవ్వలు రాలి, ముందు తలుపు పక్కనే కత్తిరించి పెట్టిన చొక్కా ముక్కల కుప్ప అంటుకుంది. మంట నడుమెత్తు లేచింది. లోపలి ఆడవాళ్లకు ముందు దారి మూసుకుపోయింది. వాళ్లంతా ఏం చేస్తారు? ఆకుపచ్చ బోర్డు కనిపించిన మూలకు ఉరికారు. పొగలో నుంచి బాలనర్సమ్మకు వాళ్ల వీపులు కనిపించాయి. బీరువాలను గుంజుతున్నారు, తోస్తున్నారు, అరుస్తున్నారు. చాందిని అనే పిల్ల హ్యాండిల్ పట్టి లాగితే హ్యాండిల్ ఊడి చేతికొచ్చి అరచేయి చీరుకుపోయింది. విజయశ్రీ మేడం కూడా వాళ్ల మధ్యే ఉంది, దండ వేసిన బీరువాకు భుజం ఆనించి తోస్తోంది. నిండా గుడ్డల తానులున్న బీరువాలు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

బాలనర్సమ్మ మెట్ల దగ్గరున్న మెయిన్ స్విచ్ కిందికి లాగింది. గోడకున్న ఎర్ర సిలిండర్ దింపి, పిన్ను పీకి, సాయి కుమార్ చూపించినట్టే గొట్టం మంట మొదట్లో పెట్టి నొక్కింది. తెల్లటి పొడి హాలంతా కమ్మింది. ఒక సిలిండర్ అయిపోయింది, రెండోది రెండో అంతస్తు పిల్లలు అందించారు. అంతా కలిపి మూడు నాలుగు నిమిషాలు. ఫైరింజన్ వచ్చేసరికి బూడిద మీద నీళ్లు కొట్టడం తప్ప వాళ్లకు పని మిగల్లేదు. చాందిని చేతికి కట్టు, ఒకరిద్దరికి దగ్గు, ఆ మాత్రంతో గండం గడిచింది.

ఇక చూడండి సంబరం! ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమెను వాటేసుకుని ఏడ్చారు. సాయి కుమార్ ఆమె ఫోటో తీసి ఏజెన్సీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "ఇంటికాడ మెత్త ఉంటే తెచ్చుకో, నా కుర్చీ జర గట్టిగుంటది" అన్నాడు భూషణం. బాలనర్సమ్మ అందరికీ తలూపింది కానీ ఆ తర్వాత రెండు రోజులూ ఆమెకు తిండి సయించలేదు. కళ్లు మూస్తే పొగలో ఆ వీపులే కనిపించాయి.

ఇన్‌స్పెక్టర్ మూడో రోజు పదకొండింటికి వస్తానని కబురు పెట్టాడు. ఆ పొద్దున తొమ్మిదింటికల్లా కింది సోఫాల షాపు నుంచి ఎనిమిది మంది మగవాళ్లు వచ్చి, తానులు బయటికి తీసి, బీరువాలను అవతలి గోడకు జరిపారు. ఖాళీ అయిన మూలలో విజయశ్రీ కర్పూరం వెలిగించబోయి, బాలనర్సమ్మను చూసి అగ్గిపుల్ల ఆర్పేసి, ఒక నిమ్మకాయ మాత్రం పెట్టింది. "రెండు గంటలు ఓర్చుకో తల్లీ" అని మూలకు చెప్పుకుంది.

"మల్ల గీడనే పెడ్తరా?" అని బాలనర్సమ్మ సాయి కుమార్‌ను పక్కకు పిలిచి అడిగింది.

"సాయంత్రం పెడ్తరు. నీకెందుకత్తా? నీ పని అయిపాయె. మంచిగ నవ్వుకుంట నిలవడు."

సుధీంద్ర వచ్చాడు. కాలిన గోడ చూశాడు, వైరు చూశాడు, మూలకు పోయి తలుపు తోశాడు. తలుపు తెరుచుకుంది, గాలి కూడా వచ్చింది. గోడకున్న కాగితాలు తీసి ఒక్కొక్కటీ తిప్పాడు.

"ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క చుట్టు తప్పలేదు. ఇంత శ్రద్ధగా చేసిన వాచ్‌ను నేను చూడలేదమ్మా. గేటు ఉద్యోగం విషయం సాయి కుమార్ చెప్పాడు. నా రిపోర్టులో నేను కూడా ఒక మాట రాస్తాను."

సాయి కుమార్ ముఖం వెలిగిపోయింది. విజయశ్రీ చప్పట్లు కొట్టింది. బాలనర్సమ్మ మాత్రం ఆ ఖాళీ మూల వంకే చూస్తోంది. ఇంకో ఐదు నిమిషాలు నోరు మూసుకుంటే చాలు. ఆయన సంతకం పెట్టి మెట్లు దిగిపోతాడు, కుర్చీ తనదవుతుంది. సాయంత్రం బీరువాలు వాటి చోటికి అవి వస్తాయి. నాలుగు రోజుల్లో పూణే నుంచి మెషీన్ వస్తుంది. మెషీనుకు పొగ తెలుస్తుంది, గంట కొడుతుంది. గంట వినగానే ఈ నలభై రెండు మందీ మళ్లీ ఈ మూలకే ఉరుకుతారు. బీరువాల సంగతి మెషీనుకు తెలియదు. తెలిసినవాళ్లలో అది చెప్పే మనిషి తను తప్ప ఇంకెవరూ కనిపించలేదు ఆమెకు.

"సారూ" అంది. "ఆ టిక్కులు తప్పు."

సుధీంద్ర పెన్ను ఆపాడు. "ఏ టిక్కులమ్మా?"

"వెనక తలుపువి. తలుపు తెరుసుకుంటది సారూ, మనిషే పోరాదు. ఆ రెండు బీరువాలు గీడ ఉంటయి, ఇయ్యాల పొద్దున్నే జరిపిన్రు. మొన్న మంటల గీళ్లందరు ఆటిని వట్టుకొని ఏడ్సుకుంట నిలవడ్డరు. నేను నా కండ్లతోని చూసిన."

హాలులో మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. విజయశ్రీ ముఖం తెల్లబోయింది.

"మరి తెలిసి తెలిసి రోజూ ఎందుకు పెట్టారు?" అన్నాడు సుధీంద్ర.

"కుర్చీ కోసం సారూ."

ఆయనకు అర్థం కాలేదు. "ఎవరైనా పెట్టమన్నారా?"

సాయి కుమార్ నేల చూపులు చూస్తున్నాడు. వాడికీ ఇంట్లో పెళ్లాం ఉంది, ఏడాది పిల్ల ఉంది.

"ఎవలంటేంది సారూ, చెయ్యి నాది" అంది బాలనర్సమ్మ.

సుధీంద్ర కాగితాలు మళ్లీ మొదటి నుంచి తిప్పి వెనక తలుపు గడులన్నీ చూశాడు. తర్వాత కాగితాలన్నీ తనతో తీసుకుపోయాడు. ఆ తలుపు ముందు ఏ వస్తువూ ఉండకూడదని, దారి సరిగ్గా ఉందని తాను మళ్లీ చూసేదాకా యూనిట్ తెరవకూడదని రాసిచ్చాడు. ఏజెన్సీ నుంచి బాలనర్సమ్మకు కూడా కబురొచ్చింది. తప్పుడు టిక్కులు పెట్టిన మనిషిని గార్డుగా తీసుకోలేమన్నారు. అందులో అన్యాయమేమీ ఆమెకు కనిపించలేదు. అయినా గేటు దాటి బస్టాపుకు పోతూ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని ఏడ్చింది, దాచిపెట్టడమెందుకు. ఇంట్లో బాలనర్సింహ ఈసారి పరాచికాలాడలేదు. నూనె గిన్నె వేడి చేసి తెచ్చి ఆమె ముందు పెట్టి, "మంచిగనే జేసినవ్ తియ్" అని టీవీ పెట్టుకున్నాడు.

యూనిట్ రెండు రోజులు మూతపడింది. స్కూలు సరుకు ఆలస్యమైందని విజయశ్రీ, రెండు రోజుల పని పోయిందని కుట్టేవాళ్లలో కొందరు, బాలనర్సమ్మను చూసి మొహం తిప్పుకున్నారు. మొన్న వాటేసుకుని ఏడ్చినవాళ్లే వీళ్లు! ప్యానెల్ వచ్చింది, పంపు బాగుచేశారు, గంట కొట్టి చూశారు, ఫైర్ వాచ్ అయిపోయింది. భూషణం కుర్చీలోకి ఏజెన్సీ ఎవరో కుర్రగార్డును పంపింది. బాలనర్సమ్మ కోటూ విజిలూ అప్పజెప్పి మళ్లీ మాప్ పట్టింది. మూడో అంతస్తు తుడిచేటప్పుడు విజయశ్రీ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మాట లేకుండా దాటిపోయేది.

విజయశ్రీకి మాత్రం ఆ ఖాళీ మూల కంట్లో నలుసైంది. వాస్తు ఆయనకు ఫోన్ చేస్తే బరువు లేకుండా ఒప్పుకోనన్నాడు. సుధీంద్రకు చేసి, చిన్న బల్లైనా వేసుకోవచ్చా, ఇసుక బస్తా అయినా పెట్టవచ్చా అని అడిగింది. నాలుగోసారి చేసేసరికి అంత నెమ్మదైన మనిషికీ విసుగొచ్చింది. "తనంతట తాను లేచి పక్కకు పోయేదేదైనా ఉంటే పెట్టుకోండమ్మా" అని ఫోన్ పెట్టేశాడట.

జూన్ ఆఖర్లో ఒక పొద్దున, మూడో అంతస్తు మెట్లు తుడుస్తున్న బాలనర్సమ్మ ముందు విజయశ్రీ వచ్చి నిలబడింది. నెల రోజుల తర్వాత మొదటి మాట.

"దారాలు కత్తిరించడం వచ్చా నీకు?"

"కత్తెర వట్టుడు రాదా మేడం? వస్తది."

"అయితే ఒకటో తారీకు నుంచి నా దగ్గరికి రా. కుట్టిన చొక్కాలకు దారాలు కత్తిరించి మడత పెట్టాలి. కూర్చుని చేసే పనే. పొద్దున రాగానే ఆ తలుపు తీసి చూడాలి, వెళ్లేటప్పుడు తీసి చూడాలి. మిగతా సేపు ఆ మూల వదిలి ఊరికే తిరగకూడదు."

బాలనర్సమ్మ లోపలికి తొంగిచూసింది. నైరుతి మూలలో, తలుపుకు అడ్డం కాకుండా గోడవారగా, చేతులున్న కుర్చీ ఒకటి వేసి ఉంది. సంగతి బుర్రకెక్కడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. ఎక్కాక నవ్వాగలేదు, కర్ర జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది.

"నన్ను బరువు కింద వెడ్తున్నవా మేడం!"

"పెడితే ఏం? నవ్వకు. నాకక్కడ బరువుండాలి" అంది విజయశ్రీ. ఆమెకూ పెదవుల చివర నవ్వు ఆగడం లేదు, కళ్లలో మాత్రం నీళ్లున్నాయి. "ఆ రోజు ఆ బీరువాను నేనే తోశాను నర్సమ్మా. ఎంత తోసినా కదల్లేదు."

బాలనర్సమ్మ నవ్వు ఆపింది. కొంగుతో ముఖం తుడుచుకుని, మెట్ల మీద కాస్త పక్కకు జరిగి నిలబడింది.

"వస్త గని ముందే చెప్తున్న మేడం. మంటొస్తే నేను గీడ కూసోను. అందరికన్న ముందు ఆ తలుపుల నుంచి నేనే ఉరుకుత."

"పరిగెత్తు తల్లీ" అంది విజయశ్రీ. "నీ వెనకాలే మేమందరం వస్తాం."